రంగు చెప్పు సాక్ష్యము

న్యాయస్థానమున సాక్షి పలుకును బట్టి ఒకని భవిష్యత్తు నిర్ణయింపబడును. అందుచేత న్యాయవాది ముందుగా ఆ సాక్షినే పరీక్షించును. వైద్యుల ప్రయోగశాలయందును ఇట్టి సాక్షి యొకటి కలదు. దాని పేరు ప్రతిరక్షకము.

రోగక్రిములు శరీరమున ప్రవేశించినపుడు, వానిని ఎదుర్కొనుటకై రక్తమున కొన్ని మాంసకృత్తులు పుట్టును. అవియే ప్రతిరక్షకములు. తాళపుచెవి తన తాళమునకే సరిపడునట్లు, ఒక్కొక్క ప్రతిరక్షకము తనకు తగిన పదార్థమునే పట్టుకొనును. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన ఆల్బర్ట్ కూన్స్ అను వైద్యుడు ఈ గుణమును వినియోగింప దలచెను. అతడును సహచరులును 1941లో ప్రతిరక్షకమునకు వెలుగునిచ్చు రంగును అతికించిరి. మరుసటి యేడు దాని సాయముతో ఎలుకల కణజాలమున న్యుమోనియా క్రిముల పదార్థము ఎచ్చట నున్నదో కన్నులార చూచిరి. 1975లో కోలర్, మిల్‌స్టీన్ అను శాస్త్రజ్ఞులు ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నగరమున ఒకే విధమైన ప్రతిరక్షకమును ఎంత కావలెనన్న అంత తయారు చేయు ఉపాయమును కనుగొనిరి. 1984లో వారికి నోబెల్ బహుమానము లభించినది.

ఈ సాక్షి నేడు చేయు పని యొకటి చూతము. మన కణముల పైపొరలో హెర్-2 అను ఎంజైము కలదు. కణమును పెరుగుమని ఆజ్ఞాపించుట దాని పని. మామూలు కణములో ఇది కొంచెముగా నుండును. రొమ్ము క్యాన్సరు సోకినవారిలో నూటికి 15 నుండి 20 మందికి ఇది మితిమీరి యుండును. అట్టివారి రోగము త్వరగా ముదురును.

రోగి గడ్డ నుండి తీసిన చిన్న ముక్కను ఫార్మలిన్‌లో ఊరబెట్టి, మైనములో పొదిగి, మిల్లీమీటరులో వెయ్యింట నాలుగు వంతుల మందమున కోసి గాజుపలకపై అతికింతురు. దానిపై హెర్-2ను పట్టు ప్రతిరక్షకమును పోసి కడుగుదురు. పట్టుకొన్నది నిలుచును, తక్కినది కొట్టుకొనిపోవును. నిలిచినది కంటికి కనబడదు. కావున దానిని పట్టుకొను రెండవ ప్రతిరక్షకమునకు మరియొక ఎంజైమును తగిలించి పంపుదురు. తగిన రసాయనము తగులగనే ఆ ఎంజైము గోధుమరంగును పుట్టించును. సూక్ష్మదర్శినిలో కణముల చుట్టును ముదురు గోధుమరంగు వలయములు కనబడినచో హెర్-2 అధికమని తేలును. ఫలితమును సున్న మొదలు మూడు వరకు అంకెలతో తెలుపుదురు. రెండు వచ్చినచో సందేహము. అపుడు జన్యుపరీక్ష చేయుదురు.

మూడు వచ్చిన రోగికి ట్రాస్టుజుమాబ్ అను మందు ఈయవచ్చును. 1998లో అమెరికాలో దీనికి అనుమతి లభించినది. వింత యేమన, ఆ మందు సైతము హెర్-2ను పట్టుకొను ప్రతిరక్షకమే! ఒకచోట సాక్షియై నిలిచిన జాతి, మరియొకచోట రక్షకుడై నిలిచినది.

అయితే సాక్షి తప్పు పలికినచో? లేని హెర్-2ను ఉన్నదనినచో, అక్కరలేని మందు గుండెకు హాని చేయవచ్చును. ఉన్నదానిని లేదనినచో, బ్రతికింపగల మందు రోగికి అందకపోవును. ప్రతిరక్షకము ఒక్కొక్కపుడు పోలికగల వేరు పదార్థమును పట్టుకొనవచ్చును. ముక్కను గంటలోపల ఫార్మలిన్‌లో వేయకున్నచో లోని పదార్థము చెడిపోవచ్చును. అందుచేత ప్రతి పరీక్షయందును హెర్-2 ఉన్నదని ముందే తెలిసిన ముక్క నొకదానిని, లేదని తెలిసిన ముక్క నొకదానిని రోగి ముక్కతోపాటు పరీక్షింతురు. మొదటిదానికి రంగు రాకున్నను, రెండవదానికి వచ్చినను ఆనాటి ఫలితమును త్రోసిపుచ్చి మరల మొదలు పెట్టుదురు.

ఆ పనివాని ముఖమును రోగి యెన్నడును చూడడు. అయినను తొందరపడక మరల మొదలు పెట్టిన ఆ చేతులపై ఒక ప్రాణము ఆధారపడి యున్నది. విద్యార్థులారా! మనకు నచ్చిన ఫలితము వచ్చినంతనే సంతసింపక, అది చెప్పిన సాక్షిని కూడ పరీక్షించుటయే శాస్త్రజ్ఞుని ధర్మము.