టెలివిజను, పసిబిడ్డ మాట

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునుండి ఖరగ్‌పూర్‌లో అనేక తెలుగు కుటుంబములు స్థిరపడియున్నవి. అచ్చటి వీధులలో బంగ్లా, హిందీ వినబడును. తెలుగు ఇంటిలోనే నిలువవలెను. కనుక పసిబిడ్డను తెలుగు ఛానలు ఎదుట కూర్చుండబెట్టినయెడల భాష అబ్బునని తల్లిదండ్రులు తలంచుట సహజమే.

అట్లు అబ్బునా? 2003లో అమెరికాలోని సియాటిల్ నగరమున పట్రీషియా కూల్ అను శాస్త్రవేత్త, ఆమె సహచరులు తొమ్మిది నెలల శిశువులకు చైనా దేశపు మాండరిన్ భాషను వినిపించిరి. మనిషి ఎదుట కూర్చుండి, ఆడించుచు, 12 పర్యాయములు పలికినప్పుడు శిశువులు ఆ భాషా ధ్వనుల భేదమును గుర్తింపగలిగిరి. అవే మాటలను తెరపై చూచిన శిశువులకు ఏమియు అబ్బలేదు! తెర బిడ్డ కూతకు బదులీయదు గదా.

ఎదిగిన పిల్లల సంగతి వేరు. 1975-76లో ఉపగ్రహము ద్వారా మన పల్లెల బడిపిల్లలకు తెలుగు కార్యక్రమములు అందెను, దానిని తప్పుపట్టనక్కరలేదు. పసివారి విషయములో మాత్రము ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఏడాదిలోపు బిడ్డకు తెర వలదనియు, రెండు మొదలు నాలుగేండ్లవారికి దినమునకు గంట మించరాదనియు తెలిపెను.

విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో షిఫ్టు ముగించుకొని వచ్చు తండ్రి, అలసియున్నను, అన్నము కలుపుచు "ఇదేమిటిరా చిన్నా?" అని అడిగి, బదులు వచ్చువరకు ఆగవలెను.