తడిచెయ్యి వెతికే చోటు

అరకు, డుంబ్రిగుడ, హుకుంపేట వైపు గోడలు లేపిన తాపీమేస్త్రిని. ఇప్పుడు పెద్ద పనులు ఒప్పుకోవడం లేదు. స్నానాలగదుల్లో, మరుగుదొడ్లలో ముసలివాళ్లు పట్టుకునే కడ్డీలు బిగించమంటే మాత్రం వెళ్తాను. ఈ పని నేర్చుకుంటామని వచ్చే కుర్రాళ్లకు చెప్పేవి ఇవి.

1. డ్రిల్లు బయటికి తీయకముందే ముసలమ్మను లోపలికి నడిపించండి, పొడినేల మీద. గడప దాటుతూ చెయ్యి ఎక్కడ ఆనిస్తుందో, కూర్చుంటూ ఏ పక్కకు ఒరుగుతుందో చూడండి. పాత గదైతే గోడ మీద జిడ్డు మరక ఉంటుంది. ఏళ్ల తరబడి తడిచెయ్యి వెతుక్కున్న చోటు అదే. కొడుకు వచ్చి, "ఇటు పెట్టండి మేస్త్రీ, చూడ్డానికి బాగుంటాది" అంటాడు. సరేనని తలూపి, మరక దగ్గరే గుర్తు పెట్టండి.

2. వైజాగ్ నుంచి ఎంత మంచి కడ్డీ తెచ్చినా, బరువు మోసేది గోడ. వేలి కణుపుతో కొట్టి వినండి. ఎర్ర ఇటుక గోడ గట్టిగా పలుకుతుంది. ఫాస్టెనర్ ఇటుక మధ్యలోకి దిగాలి, పూతలోకో ఇటుకల సందులోకో కాదు. సిమెంటు దిమ్మల గోడ బోలుగా మోగుతుంది. ఆ బోలులో ఫాస్టెనర్ విచ్చుకుంటుంది గానీ దేన్నీ పట్టుకోదు. అక్కడ అవతలిదాకా రంధ్రం వేసి, పొడుగు బోల్టు దూర్చి, వెనక నాలుగంగుళాల ఇనుప పలక వేసి నట్టు బిగించాలి. 2014లో స్వచ్ఛ భారత్ వచ్చాక, 12,000 రూపాయల సాయంతో కట్టుకున్న మరుగుదొడ్లలో నేను చూసినవి చాలావరకు పలచటి గోడలే. వాటికీ ఇదే మందు.

మట్టిగోడకు బోల్టు వేస్తే కడ్డీతోపాటు గోడా ఊడివస్తుంది. ఆ ఇంట్లో గోడ మాటే ఎత్తకండి. ఒకటిన్నర అంగుళం జీఐ పైపును గుమ్మంలా వంచి, రెండు కాళ్లనూ అడుగున్నర గోతుల్లో కాంక్రీటు పోసి నిలబెట్టండి. పెరట్లో తడిక చాటున బండ మీద నీళ్లు పోసుకునేవాళ్లకూ ఇదే పద్ధతి. వెదురు చవక, చేతికి వెచ్చన కూడా. కానీ నేలలో దిగినచోట కుళ్లుతూ, పైకి నిక్షేపంగా కనిపిస్తుంది. అందుకే దాన్ని నమ్మను.

3. టవల్ రాడ్డు కడ్డీ కాదు. అమెరికాలో వికలాంగుల చట్టం కింద రాసిన ప్రమాణాల ప్రకారం కడ్డీ 250 పౌండ్లు, అంటే 113 కిలోల ఒత్తిడి ఆపాలి. గాలి పీల్చి అతుక్కునే రబ్బరు కప్పుల కడ్డీలూ వద్దు. గరుకు పూత మీద అవి నిలవనే నిలవవు. నున్నటి టైలు మీద నిలిచినట్టే ఉండి, సమయానికి వదిలేస్తాయి.

4. గోడకూ కడ్డీకీ మధ్య ఒకటిన్నర అంగుళం. ఎడం ఎక్కువైతే, జారినప్పుడు ముంజేయి సందులో దూరి విరుగుతుంది. తక్కువైతే వేళ్లు చుట్టుకోవు.

5. నిలబడి స్నానం చేసేవాళ్లకు నేల నుంచి 33, 36 అంగుళాల మధ్య అడ్డకడ్డీ పెట్టమంటారు. షవరున్న గదులకు రాసిన లెక్క అది. మనవాళ్లు పీట మీద కూర్చుని చెంబుతో పోసుకుంటారు, దొడ్లో గొంతుకూర్చుంటారు. ఇక టబ్బంటారా, అది టూరిస్టులకే. గొంతుకూర్చున్న మనిషి లేవాలంటే నిలువు కడ్డీ కావాలి. నేలకు అడుగు ఎత్తున మొదలై ఛాతీ దాకా ఉంటే, ఒక చెయ్యి తర్వాత ఒక చెయ్యి పైకి జరుపుకుంటూ లేస్తారు. ముందువైపు, కాస్త పక్కగా పెట్టండి. పక్షవాతం వచ్చినవాళ్లకైతే బాగున్న చేతి వైపే.

6. టైలు మీద కాగితం టేపు అంటించి, హేమర్ ఆపేసి, టైలు బిట్‌తో నెమ్మదిగా తొలవండి. రంధ్రంలో సిలికాన్ నింపాకే బోల్టు. కడ్డీ 304 గ్రేడు స్టీలైతే బోల్టులూ స్టీలువే కొనిపించండి.

7. డిసెంబరు, జనవరి పొద్దుల్లో ఈ కొండల మీద స్టీలు చురుక్కుమంటుంది. పట్టుకోబోయిన ముసలి చెయ్యి వెనక్కి వచ్చేస్తుంది. గుడ్డ చుడితే అది తడిసి తిరుగుతుంది. ముందుగా ఓ చెంబు వేడినీళ్లు కడ్డీ మీద పోసుకోమనండి.

8. మేస్త్రిలకు నేలను నున్నగా తీయడం ఓ గొప్ప. స్నానాలగదిలో ఆ గొప్ప చూపించొద్దు. పూత పచ్చిగా ఉన్నప్పుడే గీతలు లాగండి. వానాకాలమంతా పాచిని బ్లీచింగు వేసి తోమమని గట్టిగా చెప్పండి. తలుపు లోపలికి తెరుచుకుంటుంటే బయటికి తిప్పండి. పడినవాళ్లు తలుపుకడ్డం పడితే ఎవరూ లోపలికి వెళ్లలేరు.

9. రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరు జిల్లాలోనే మొదలైంది. పేద వృద్ధులకు చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు ఇస్తారు. అర్హులుంటే చెప్పండి. ఈ కడ్డీకి మాత్రం నాకు డబ్బిచ్చింది ఎప్పుడూ ఇంటివాళ్లే. కాఫీ పళ్ల డబ్బు చేతికొచ్చే చలికాలంలో ఆ మాట కదపండి. ఖర్చని గొణిగితే, తుంటి విరిగినవాళ్లను ఘాట్ రోడ్డు మీదుగా వందకు పైగా కిలోమీటర్లు వైజాగ్ కేజీహెచ్ ఆస్పత్రికి మోసుకెళ్లే సంగతి గుర్తు చేయండి.

10. అప్పగించే ముందు రెండు కాళ్లూ ఎత్తి కడ్డీకి వేలాడండి. ముసలమ్మ నవ్వుతుంది, నవ్వనివ్వండి. వానలు వెళ్లాక ఓసారి వచ్చి నట్లు బిగించండి, దానికి కూలి అడక్కండి. అప్పుడు కడ్డీ మీద తువ్వాలు ఆరేసి కనబడితే, మీరు తప్పుచోట పెట్టారన్నమాట. విప్పి మార్చండి.