షికాగో చలిలో మనిషి తోడు

చదువుకో ఉద్యోగానికో షికాగో వచ్చి, అరోరాలోనో నేపర్‌విల్‌లోనో, ఊరి నడిబొడ్డున ఏ అపార్ట్‌మెంటులోనో ఉంటున్న మన పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నేను 1980ల మొదట్లో తెనాలి నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడినదాన్ని. మా ఇంటికి వచ్చేపోయే పిల్లలు నవంబరు దాటాక ఒక్కొక్కరే కనబడకుండా పోతారు. మార్చిలో మళ్ళీ వచ్చినప్పుడు ముఖాల్లో కళ ఉండదు. అడిగితే "చలి కదా ఆంటీ, ఎక్కడికీ వెళ్ళలేదు" అంటారు. పెళ్ళీడు పిల్లలైతే మరీను. ఎవరితోనో కొత్తగా పరిచయమవుతుంది, నాలుగు మాటలు కలుస్తాయి, తొలి మంచు పడగానే ఆ మాటలు ఫోనులోనే ఆగిపోతాయి. ఆ నాలుగైదు నెలలు అలా వృథా పోనక్కర్లేదు. నాకు పనికొచ్చినవీ, నా కళ్ళముందు పిల్లలకు పనికొచ్చినవీ చెబుతాను.

1. చీకటిని ముందే లెక్కలోకి తీసుకోండి

నవంబరు మొదటి ఆదివారం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి జరుపుతారు. డిసెంబరు వచ్చేసరికి సాయంత్రం నాలుగూ ఇరవైకే పొద్దుగూకుతుంది. డిసెంబరులో హైదరాబాదులో పగలు దాదాపు 11 గంటలుంటే, ఇక్కడ 9 గంటల పైన కొద్ది నిమిషాలు. ఆఫీసు నుంచి బయటపడేసరికి చిమ్మచీకటిగా ఉంటే ఇంటికిపోయి దుప్పటి కప్పుకోవాలనే ఎవరికైనా అనిపిస్తుంది. అందుకు మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు. వెలుతురు తగ్గితే ఒంటి తీరే మారుతుంది. 1984లో నార్మన్ రోసెంథాల్ అనే వైద్యుడు, ఆయన తోటి పరిశోధకులు ఈ శీతాకాలపు దిగులును ఒక రుగ్మతగా వివరించారు. పొద్దున్నే 10,000 లక్స్ దీపం ముందు అరగంట కూర్చోవడం డాక్టర్లు దానికి చెప్పే వైద్యాల్లో ఒకటి. కంటి జబ్బు గానీ బైపోలార్ సమస్య గానీ ఉంటే డాక్టరును అడగకుండా ఆ దీపం వాడకండి. రెండు వారాలైనా మనసు లేవకపోతే, తిండీ నిద్రా దారి తప్పితే, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఆ క్షణమే 988కి ఫోన్ చేయండి. ఏ వేళనైనా పలుకుతారు. ఇంట్లో తెలిస్తే ఏమనుకుంటారో అన్న బెంగతో ఈ మాట దాచుకునే పిల్లలుంటారు. దయచేసి దాచుకోకండి.

మిగతా అందరూ చేయగలిగింది ఒకటుంది. కలుసుకునే వేళను శని, ఆదివారాల పగటిపూటకు మార్చుకోండి. రాత్రి ఎనిమిదింటి భోజనం కోసం చలిలోకి వెళ్ళబుద్ధి కానివాళ్ళు కూడా పొద్దున పదకొండింటి కాఫీకి సంతోషంగా వస్తారు.

2. వారం, వేళ ఖాయం చేయండి

మన ఊళ్ళలో మనుషులు వెతక్కుండానే ఎదురవుతారు. పాలకేంద్రం దగ్గర, టీకొట్టు దగ్గర, గుడి మెట్ల మీద. ఇక్కడ చలికాలంలో వీధి ఖాళీ. ఇంటి గరాజులో కారెక్కి ఆఫీసు గరాజులో దిగుతాం. ఎవరో ఒకరు పూనుకుంటే తప్ప ఇద్దరు మనుషులు కలవరు. ఆ పూనుకునేది మీరే కావాలి. "ఎప్పుడైనా కలుద్దాం" అన్న మాట ఈ దేశంలో చలికాలానికి చెల్లదు. "గురువారం ఏడింటికి మా ఇంట్లో పప్పు, చారు, అన్నం" అనండి.

మా వీధిలో తెలుగు ఇళ్ళవాళ్ళం ఏళ్ళ తరబడి అలాగే చేశాం. గురువారం ఒక్కో వారం ఒక్కో ఇల్లు. నియమం ఒక్కటే: రెండు వంటకాలు మించకూడదు, పిండివంటలు అసలే వద్దు. ఒకరు బిర్యానీ, గారెలు పెట్టారంటే తర్వాతివారం వంతు వచ్చిన ఇల్లాలికి గుండె దడ, ఆపై వారానికి పిలుపులే ఆగిపోతాయి. పప్పన్నం ఎన్నేళ్ళయినా సాగుతుంది. మావారు చనిపోయిన ఏడాది నన్ను నిలబెట్టింది ఆ గురువారాలే. ఓదార్చడానికని ఎవరూ ప్రత్యేకంగా రానక్కర్లేకపోయింది. గురువారం ఎలాగూ వచ్చేవారు.

ఇంకొక మాట. శీతాకాలంలో ఇండియాకూ మనకూ పదకొండున్నర గంటల తేడా. ఇక్కడ రాత్రి ఎనిమిదైతే అక్కడ పొద్దున ఏడున్నర, అమ్మ కాఫీ తాగే వేళ. ఆ గంట రోజూ వీడియో కాల్‌కే పోతే ఇక్కడివాళ్ళకు మీ సాయంత్రం మిగలదు. వారంలో రెండు సాయంత్రాలు ఇక్కడి స్నేహాలకు ఉంచుకుంటానని అమ్మకు చెప్పండి. అక్కడి తల్లిదండ్రులకూ నా మనవి ఇదే. ఫోను ఎత్తలేదని బెంగపడకండి. మీ బిడ్డ నలుగురితో కూర్చుని తింటోందంటే అంతకంటే మంచి కబురు లేదు.

3. ముందు ఒళ్ళు వెచ్చన

లోపల థర్మల్స్, మధ్యలో ఉన్ని, పైన గాలి చొరని కోటు. ఒంటికి ఆనుకుని కాటన్ వద్దు, చెమటకు తడిస్తే ఆరదు, ఒళ్ళు చల్లబడుతుంది. గాలితో కలిసిన చలి మైనస్ 28 సెల్సియస్‌కు దిగితే, కప్పుకోని చర్మం అరగంటలోనే దెబ్బతింటుంది. అందంగా కనబడాలని పల్చటి కోటుతో కొత్తవాళ్ళను కలవడానికి వెళ్ళే పిల్లలకు ప్రత్యేకంగా చెబుతున్నాను: మంచు బూట్లతోనే వెళ్ళండి, మార్చుకునే చెప్పులు సంచిలో పెట్టుకోండి. వణుకుతున్న మనిషికి ఎదుటివారి మాట వినబడదు.

4. వెచ్చగా నడుస్తూ మాట్లాడుకునే చోట్లు వెతకండి

తొలి పరిచయానికి పిల్లలు ఎక్కువగా సినిమా అంటారు. వద్దు. మూడు గంటలు పక్కపక్కనే కూర్చుని ఒక్క ముక్క మాట్లాడుకోకుండా బయటికొస్తారు.

గార్‌ఫీల్డ్ పార్క్ కన్సర్వేటరీకి వెళ్ళండి. 1908లో తెరిచిన పెద్ద అద్దాల ఇల్లు, జెన్స్ జెన్సెన్ రూపకల్పన. షికాగో ఊళ్ళో ఉండేవాళ్ళకు ప్రవేశం ఉచితం, గ్రీన్ లైన్ రైలు దాని ముందే ఆగుతుంది. బయట మంచు కురుస్తుంటే లోపల తాటిజాతి చెట్లు, ఫెర్న్‌లు, ఎడారి మొక్కలు, తడిమట్టి వాసన. ఇంటిమీద బెంగ పెట్టుకున్న పిల్లలు అక్కడ అడుగుపెట్టగానే వాళ్ళ ఊరు, వాళ్ళ పెరడు గురించి చెప్పడం మొదలుపెడతారు. మనిషి గురించి తెలుసుకోవడానికి అంతకంటే మంచి ఆరంభం ఏముంటుంది?

ఊరి మధ్యలో షికాగో కల్చరల్ సెంటర్ ఉంది. 1897లో గ్రంథాలయంగా కట్టారు. 38 అడుగుల టిఫనీ గాజు గుమ్మటం కింద కూర్చుని ఎంతసేపు మాట్లాడుకున్నా టికెట్టు లేదు, ఏమన్నా తింటారా అని అడిగేవాళ్ళు లేరు. స్టూడెంటు జేబుకు అది పెద్ద ఊరట. హెరాల్డ్ వాషింగ్టన్ లైబ్రరీ తొమ్మిదో అంతస్తులో గాజుకప్పు కింద వింటర్ గార్డెన్ ఉంటుంది. అదీ ఉచితమే. క్రిస్మస్ ముందు డేలీ ప్లాజాలో జర్మన్ సంత పెడతారు. కొంచెం చలికి తట్టుకునేవాళ్ళకు మ్యాగీ డేలీ పార్కులో మంచుబాట మీద స్కేటింగ్. అక్కడ పడకుండా ఉండటానికి చేయి పట్టుకోవాల్సి వస్తుంది, కాబట్టి అది తొలిసారికి కాదు, మూడోసారికో నాలుగోసారికో ఉంచుకోండి. మన దుకాణాలుండే డెవాన్ అవెన్యూలో టీ తాగడం ఎప్పుడైనా బాగుంటుంది.

5. కొత్తవాళ్ళను కలిసేటప్పుడు

డేటింగ్ అన్న మాటకు మా తరం ఉలిక్కిపడుతుంది. నేను పడను. పెద్దలు పంపిన బయోడేటాతో కలిసినా, యాప్‌లో పరిచయమై కలిసినా, ఇద్దరు మనుషులు ఒకరినొకరు తెలుసుకోవాల్సిందే. కొత్త సంవత్సరం తొలి ఆదివారం ఆ యాప్‌లలో ఎక్కడలేని రద్దీ అని వాటిని నడిపేవాళ్ళే చెబుతారు. ఆ వేళకు మీ గురించి ఉన్నదున్నట్టు రాసి పెట్టుకోండి: వీసా సంగతి, ఇండియాకు తిరిగి వెళ్ళే ఉద్దేశం, ఇంట్లో చెప్పారా లేదా. మాటలు కుదిరితే రెండు వారాల్లో పగటిపూట, జనం ఉన్నచోట కలవండి. చలికి భయపడి నెలల తరబడి మెసేజీలతోనే గడిపితే, మీ ఊహలో ఒక మనిషి తయారవుతాడు. ఎదురుగా వచ్చే మనిషి వేరే ఉంటాడు.

చలికాలానికే సంబంధించిన జాగ్రత్త ఒకటుంది. బయట గాలి కోస్తుంటుంది, రైలు ఇరవై నిమిషాలకు గానీ రాదు, ఎదుటివారు "కారులో దింపుతాను" అంటారు. తొలిసారి ఒప్పుకోకండి, అబ్బాయిలైనా అమ్మాయిలైనా. వెళ్ళే దారీ వచ్చే దారీ మీవే అయి ఉండాలి. చలికి ఫోను బ్యాటరీ తొందరగా పడిపోతుంది, లోపలి జేబులో పెట్టుకోండి. ఎక్కడికి వెళ్తున్నారో రూమ్మేటుకు చెప్పి వెళ్ళండి. మందు తాగితే వెచ్చబడుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. చర్మం వెచ్చబడినట్టుంటుంది గానీ ఒంట్లోని వేడి బయటికి పోతుంది.

మంచు తుఫాను వచ్చి కలయిక మానుకోవాల్సి వస్తే, మానుకుంటున్నామని చెప్పే మెసేజీలోనే ఇంకో రోజు, ఇంకో వేళ చెప్పండి. ఆ ఒక్క వాక్యం లేకపోవడం వల్ల తెగిపోయిన పరిచయాలు నాకు చాలా తెలుసు. రోడ్లు బాగాలేవన్న నిజాన్ని ఎదుటివారు "ఇష్టం లేదు కాబోలు" అని అర్థం చేసుకుంటారు.

6. పండగలు మనకు కావలసిన వేళకే వస్తాయి

డిసెంబరు నడుమ నుంచి సంక్రాంతి దాకా ధనుర్మాసం. గుళ్ళలో పొద్దున్నే తిరుప్పావై, వేడి పొంగలి. ఆపైన భోగి, సంక్రాంతి, బొమ్మల కొలువు పేరంటాలు. రేగుపళ్ళు దొరక్కపోతే చాక్లెట్లు, చిల్లర కలిపి పిల్లల తలమీద పోస్తాం. ఏడాదిలో అతి చలి రోజుల్లోనే మనుషులు ఒకరింటికి ఒకరు వెళ్ళక తప్పని పండగలు మనకున్నాయి. వాటికి అతిథిలా కాక పనివాళ్ళలా వెళ్ళండి. వడ్డనకు నిలబడండి, కుర్చీలు సర్దండి. ఎవరూ తెలియని హాల్లో ప్లేటు పట్టుకుని ఒంటరిగా నిలబడటం కష్టం. చేతిలో సాంబారు బకెట్టు ఉంటే అందరూ మీతో మాట్లాడతారు.

7. పక్కింటివాళ్ళు

1985 జనవరి 20న షికాగోలో దాదాపు మైనస్ 33 సెల్సియస్. ఈ ఊరి చరిత్రలో అంత తక్కువ ఎన్నడూ లేదు. మర్నాడు వాషింగ్టన్‌లో రీగన్ ప్రమాణ స్వీకారాన్నే చలికి భవనం లోపలికి మార్చారు. ఆ ఇరవయ్యో తేదీ పొద్దున మా పక్కింటి పోలిష్ ముసలావిడ ఫోన్ చేసి, "మీ హీటర్ పనిచేస్తోందా?" అని అడిగింది. అంతవరకూ మేం ఆవిడతో మాట్లాడిందే తక్కువ. ఆ తర్వాత మంచు పడ్డప్పుడల్లా మావారు మా కాలిబాటతో పాటు ఆవిడదీ తవ్వేవారు. ఆవిడ కేకులు పంపేది. ఇరుగుపొరుగుతో మాట కలపడానికి పారకు మించిన దారి నాకు కనబడలేదు.

8. తొందరపడి మాటివ్వకండి

జనవరి ఒంటరితనంలో దగ్గరికి వచ్చిన మనిషి ఎవరైనా బంగారంలా కనిపిస్తారు. అందుకని అనుమానించమని కాదు, గమనించమని. కారు మంచులో ఇరుక్కున్నప్పుడు కసురుకుంటారా, దిగి తోస్తారా? రైలు ఆలస్యమైతే మీరు చలిలో నిలబడ్డారని గుర్తుంటుందా? విమానం రద్దయితే కౌంటరు దగ్గరి అమ్మాయితో ఎలా మాట్లాడతారు? ఎండాకాలపు విహారాల్లో బయటపడని గుణాలు ఇక్కడ వారంలో బయటపడతాయి. నచ్చితే చలికాలమంతా కలుస్తూనే ఉండండి. మార్చి రెండో ఆదివారం గడియారాలు ముందుకు జరుగుతాయి, ఏప్రిల్‌కు స్నేహితులంతా మళ్ళీ బయటికొస్తారు, సాయంత్రాలకు వేరే పిలుపులు వస్తాయి. అప్పటికీ మీ ఇద్దరికీ శనివారం ఒకరితో ఒకరు గడపాలనే ఉంటే, ఇంటికి ఫోన్ చేసి అమ్మానాన్నలకు చెప్పండి. వాళ్ళు నన్నేమైనా అడగాలనుకుంటే నేను మాట్లాడతాను.