ఘనకార్యము

“ఏమి ఘనకార్యము చేసి వచ్చితివి?” అని తల్లి కుమారుని అడిగినచో, అతడేదో కాని పని చేసెనని పొరుగువారికి వెంటనే తెలియును. “చెరువు త్రవ్వించి మన యూరికి ఘనకార్యము చేసినారు” అని నలుగురు ఒకరిని గూర్చి చెప్పుకొన్నచో అది మెప్పు. మాట యొక్కటే, భావములు రెండు.

“ఘన” అను సంస్కృత శబ్దమునకు దట్టమైనది, గట్టిది అని అర్థము. మేఘమునకును ఘనమని పేరు కలదు. రాయి, ఇనుము ఘనపదార్థములు. గొప్ప అను అర్థమును ఈ శబ్దమునకే కలదు. “కార్యము” అనగా చేయదగినది. కావున గట్టిగా నిలిచి, పదిమందికి పనికివచ్చునదియే ఘనకార్యము.

ఇందుకు కృష్ణా డెల్టాయే నిదర్శనము. నందన నామ సంవత్సరమున, అనగా 1832–33లో, గుంటూరు సీమను ఘోరమైన కరవు పీడించినది. జనులు ఆకలిచే మరణించుచుండగా కృష్ణాజలము సముద్రము పాలయ్యెను. 1852లో విజయవాడ వద్ద, ఇంద్రకీలాద్రికిని సీతానగరము కొండకును నడుమ, ఆనకట్ట పని మొదలైనది. ఆర్థర్ కాటన్ ఆలోచన, చార్లెస్ ఓర్ పర్యవేక్షణ, పేరు వ్రాయబడని కూలీల రెక్కల కష్టము కలిసి 1855 నాటికి అది పూర్తియైనది.

ఈ మాటకు దగ్గరివి మరి రెండు కలవు. భగీరథప్రయత్నము పూనికను తెలుపును. ఘనకార్యము ఫలమును తెలుపును. కూలీలు రాళ్లు మోయునపుడు అది భగీరథప్రయత్నము. పొలమునకు నీరు చేరిన పిదప ఘనకార్యము. సాహసము అనుటకు అపాయము ఉండవలెను. ఘనకార్యమునకు ప్రయోజనము ఉండవలెను. పూర్వము ధర్మశాస్త్రములలో సాహసమనగా దౌర్జన్యము. నేడది మెచ్చుకోలు మాట.

మరియొక నియమము: ఈ మాట ఇతరులు అనవలసినదే. “నేను ఘనకార్యము చేసితిని” అన్నవానిని చూచి లోకము నవ్వును. అల్పమైన పనికి ఇంత పెద్ద పేరు పెట్టినపుడే ఎత్తిపొడుపు పుట్టును.

1952లో ఆ ఆనకట్టకు గండి పడినది. దాని స్థానమున కట్టిన ప్రకాశం బారేజి 1957లో పూర్తియైనది. ఘనకార్యమైనను కాపాడుకొననిదే నిలువదు. కాలువలో పూడిక తీయువాని పనిని ఎవరును ఘనకార్యమనరు. అతడు మానినచో శివారు పొలమునకు నీరందదు, అప్పుడు రైతు నోట “ఏమి ఘనకార్యము!” అను మాట మెప్పుగా రాదు.