ఛాయాచిత్రానికి చలనం: సత్యమెంత? ఊహ ఎంత?

గడచిపోయే క్షణాన్ని నిలిపి ఉంచే సాధనం ఛాయాచిత్రం. నిలిచిపోయిన ఆ క్షణాన్ని మరల కదిలించాలనే కోరిక మానవునికి చిరకాలంగా ఉన్నది. నేడు కృత్రిమ మేధ ఆ కోరికను నిమిషాలలో తీరుస్తున్నది. ఈ ప్రక్రియ ఎట్లా జరుగుతుందో, దాని ఫలితాన్ని మనం ఎంతవరకు విశ్వసించవచ్చునో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

హైదరాబాదు రాజ్యపు ఛాయాచిత్ర చరిత్రలో రాజా దీన్‌దయాళ్ (1844–1905) ప్రథమగణ్యుడు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానంలో ఛాయాచిత్రకారుడైన ఆయన ‘ముసవ్విర్ జంగ్’ బిరుదు పొందాడు. ఉర్దూలో ముసవ్విర్ అంటే చిత్రకారుడు. ఆనాటి గాజు పలకపై కెమెరా ఎదుట ఉన్న దృశ్యమే వెలుతురు ద్వారా ముద్రపడేది.

1878లో అమెరికాలో మైబ్రిడ్జ్ వరుసగా నిలిపిన కెమెరాలతో పరుగెత్తే గుర్రాన్ని చిత్రించాడు. 1895లో లూమియేర్ సోదరులు పారిస్‌లో ప్రదర్శించిన చలనచిత్రాలు 1896 జూలై 7న బొంబాయి ప్రేక్షకుల ముందుకు వచ్చాయి. తరువాతి కాలపు సినిమాలో సెకనుకు 24 చిత్రాలు మన కన్నుల ముందు సాగిపోవటం పరిపాటి అయినది. నటుడు చేయి ఎత్తితే, ఆ కదలికలోని ప్రతి దశనూ కెమెరా చూచిన తరువాతనే మనం చూస్తున్నాం.

కృత్రిమ మేధకు మనమిచ్చేది ఒకే చిత్రం. తక్కినవన్నీ అది ఊహించవలసినవే. ఇందుకు ‘డిఫ్యూజన్’ అనే పద్ధతి వాడుకలో ఉన్నది. లెక్కకు మిక్కిలి వీడియోలపై చుక్కల మసక చల్లి, దానిని తొలగించటం ముందుగా యంత్రానికి నేర్పుతారు. పిదప అది కేవలం మసకతో మొదలుపెట్టి, మన చిత్రాన్ని ఆధారం చేసుకొని, అంచెలంచెలుగా కొత్త చిత్రాల వరుసను తీస్తుంది. 2023 నవంబరులో స్టెబిలిటీ ఏఐ సంస్థ వెలువరించిన నమూనాలు ఒక చిత్రం నుండి 14 లేక 25 చిత్రాలను కల్పించాయి.

మేమూ ఒక ప్రయత్నం చేశాము. జమ్మికుంట పత్తి మార్కెట్లో కాంటా ప్రక్కన పెదవులు బిగించి నిలిచిన మా తాతగారి పాత ఫోటోను యంత్రానికి అప్పగించాము. కొన్ని సెకన్ల వీడియోలో ఆయన తల తిప్పి, నిండుగా నవ్వారు. మేము సంబరపడి నాయనమ్మకు చూపించాము. ఆమె కళ్ళద్దాలు సవరించుకొని చూచి, “మీ తాతకు ముందటి రెండు పండ్లు లెవ్వు గదరా! ఈయన ఎవలు?” అన్నది.

మేము సమాధానం చెప్పలేకపోయాము. మూసిన పెదవుల వెనుక ఏమున్నదో ఫోటోలో లేదు. యంత్రం తాను చూచిన వేలాది నవ్వులనుండి ఒక నవ్వును తెచ్చి అక్కడ అమర్చింది. నాయనమ్మ వంటి సాక్షి లేని నాడు, మా పిల్లలు ఆ నవ్వునే తాతగారి నవ్వని నమ్మేవారు కదా!

కావున విద్యార్థి మిత్రులు మూడు నియమాలు పాటించటం అవసరం. మొదటిది, అసలు ఫోటోను చెక్కుచెదరకుండా భద్రపరచాలి. రెండవది, వీడియోపైననే ‘ఇది యంత్ర కల్పితం’ అని స్పష్టంగా వ్రాయాలి. మూడవది, బ్రతికి ఉన్నవారి చిత్రాన్ని వారి అనుమతి లేకుండా, గతించినవారి చిత్రాన్ని కుటుంబం వారి సమ్మతి లేకుండా కదిలించరాదు. ఒకరు చేయని పనిని చేసినట్లు చూపటం వారి పరువుకు భంగకరం.

ఇంటిలో పాత ఫోటోలుంటే సెలవులలో పెద్దల వద్ద కూర్చుని, అందులోని వారి పేర్లు, అలవాట్లు, మాటతీరు అడిగి వెనుకవైపు వ్రాసి పెట్టండి. యంత్రం కల్పించలేని సమాచారం అదే. చెప్పగలవారు ఉన్నపుడే దానిని సేకరించాలి.