సెలవు రోజున రాని ఆయాసం

సమస్య

అక్కా, మాది భీమవరం దగ్గర పల్లె. నాకు ముప్పై ఎనిమిదేళ్లు. రొయ్యల కంపెనీలో పనిచేస్తున్నాను. మా ఆయన చెరువుల మీద మేత వేసే పనికి వెళ్తాడు. చాలా ఏళ్లు నేను పీలింగ్‌లోనే ఉన్నాను. తలలు తుంచడం, పొట్టు ఒలవడం, నరం లాగడం. ఐసు నీళ్లలో వేళ్లు పాసిపోయేవి గానీ దాన్నొక జబ్బుగా ఎప్పుడూ అనుకోలేదు. కిందటేడు ఉడికించే సెక్షన్‌లోకి మార్చారు. కూలి కాస్త ఎక్కువొస్తుందని నేనూ సరేనన్నాను.

కొన్ని నెలలకి తుమ్ములు, ముక్కు కారడం మొదలైంది. తర్వాత దగ్గు పట్టుకుంది. ఇప్పుడు రాత్రి పడుకుంటే గుండెల్లో పిల్లికూతలు. లేచి కూర్చునే తెల్లారబెడుతున్నాను. సెలవు రోజున పర్వాలేదు. సంక్రాంతికి పుట్టింట్లో ఉన్నన్నాళ్లూ ఆయాసమే రాలేదు. ఐసులో పని కదా, నెమ్ము చేసిందని అత్తయ్య మిరియాల కషాయం పెడుతోంది. ఊళ్లో ఆర్‌ఎంపీ సూది వేస్తే రెండు రోజులు బాగుంటుంది, మళ్లీ మామూలే.

కంపెనీలో చెబితే రావద్దంటారని భయం. అమెరికా వాళ్లు పన్ను పెంచారని ఆమధ్య పని రోజులు తగ్గించారు. మామయ్య ఆపరేషన్‌కి మేస్త్రీ దగ్గర నలభై వేలు అడ్వాన్సు తీసుకున్నాను. అది తీరేదాకా మానడానికి లేదంటాడు. “ఒంట్లో బాగోకపోతే నీ బదులు మీ అమ్మాయిని నైట్ షిఫ్ట్‌కి పంపు” అంటున్నాడు. దానికి పదిహేడేళ్లు, ఇంటర్ చదువుతోంది. సెలవుల్లో నాలుగు రోజులు వెళ్తే తప్పేముందని మా ఆయన. మానెయ్యనా, ఎవరికీ చెప్పకుండా చేసుకుపోనా?

– ఒక చెల్లెలు, పశ్చిమ గోదావరి జిల్లా

సలహా

చెల్లీ, ముందు అత్తగారి మాట తేల్చేద్దాం. ఐసే కారణమైతే ఇన్నేళ్ల పీలింగ్‌లో రానిది ఇప్పుడెందుకొచ్చింది? నీ బాధంతా ఉడికించే సెక్షన్‌కి మారాకే మొదలైంది. సెలవు రోజున తగ్గుతోంది, పుట్టింట్లో అసలు రావడం లేదు. ఊపిరితిత్తుల డాక్టరు మొట్టమొదట అడిగే ప్రశ్నలకి నువ్వే జవాబులు రాసి పంపావు.

రొయ్యలు ఉడికేటప్పుడు లేచే ఆవిరితో పాటు వాటి మాంసకృత్తులు కూడా గాలిలోకి చేరతాయి. వాటిలో ట్రోపోమయోసిన్ అనేదొకటి వేడికి కూడా చెడదు. రోజూ పీలుస్తుంటే కొందరి ఒళ్లు దాన్ని శత్రువుగా పట్టుకుంటుంది. మొదట ముక్కు, ఆ తర్వాత ఊపిరితిత్తులు. పనివల్ల వచ్చే ఉబ్బసం ఇది. 1980లలో కెనడాలోని క్యూబెక్‌లో పీతలు ఉడికించే ప్లాంట్లలో మూడొందల మందికి పైగా పనివాళ్లను పరీక్షిస్తే, దాదాపు ఆరేడుగురిలో ఒకరికి ఇదే కనిపించింది. కాబట్టి నువ్వు సుకుమారివీ కాదు, పని దొంగవీ కాదు. అయితే నేల కడిగే క్లోరిన్ ఘాటు, రొయ్య నల్లబడకుండా వాడే మెటాబైసల్ఫైట్ కూడా ఆయాసం తెప్పించగలవు. నీ విషయంలో ఏదన్నది పరీక్షలోనే తేలాలి. ఇంట్లో రొయ్యలు తింటే పెదవులు దురద పెడుతున్నాయా? అది నువ్వు రాయలేదు, డాక్టరుకి మాత్రం చెప్పు.

మానెయ్యడమా, దాచడమా అన్నావు. దాచడం ఎలాగూ వద్దు. రేపే మానెయ్యడమూ నీకు నష్టమే. పనిలో ఉండగా ఊపిరి ఎలా ఉంది, లేనప్పుడు ఎలా ఉంది అని పోల్చి చూస్తేనే ఈ జబ్బు రుజువవుతుంది. మానేశాక తగ్గిపోయిందనుకో, అది కంపెనీ పెట్టిన జబ్బని ఎవరు ఒప్పుకుంటారు? పీక్ ఫ్లో మీటరని చిన్న గొట్టం ఉంటుంది, మందుల షాపులో కొన్ని వందలకే దొరుకుతుంది. గట్టిగా ఊదితే అంకె చూపిస్తుంది. డాక్టరు చేత ఊదే పద్ధతి చూపించుకుని రోజుకు నాలుగుసార్లు, రెండు మూడు వారాల పాటు నోట్‌బుక్‌లో రాయి. ఏ షిఫ్ట్, ఏ సెక్షన్, సెలవెప్పుడు అన్నది పక్కనే వెయ్యి. ఈలోగా మాట్లాడలేనంత ఆయాసం వస్తే మాత్రం నోట్‌బుక్ పక్కన పడేసి ఆసుపత్రికి వెళ్లిపో.

ఆ ఆర్‌ఎంపీ సూది ఆపు. ఒక్క సూదితో రెండు రోజులు హాయిగా ఉందంటే అందులో స్టెరాయిడ్ ఉందేమోనని నా అనుమానం. నోటితో పీల్చే పంపు వాడితే అలవాటైపోతుందని ఊళ్లో అంటారు, నమ్మకు. డాక్టరు ఇన్‌హేలర్ రాస్తే వాడు, అందులో మందు చాలా కొంచెమే.

ఇక కాగితాలు. నీ జీతం చీటీలో ఈఎస్‌ఐ, అంటే కార్మికుల బీమా కోత ఉందా? నెలకు పన్నెండు వేలొస్తే నీ వాటా 0.75 శాతం, అంటే తొంభై రూపాయలు. యజమాని 3.25 శాతం కట్టాలి. నెలకు 21,000 దాకా జీతమున్న వాళ్లకి ఇది వర్తిస్తుంది. నువ్వు మేస్త్రీ మనిషివైనా సరే, అసలు బాధ్యత కంపెనీదే. పది అంకెల ఇన్సూరెన్స్ నంబరు అడిగి తీసుకో. అది ఉంటే డిస్పెన్సరీలో చూపించుకోవచ్చు, ఛాతీ డాక్టరున్న పెద్దాసుపత్రికి రాయించుకోవచ్చు. ఆరు నెలల చందా కాలంలో 78 రోజులు చందా పడి ఉంటే, డాక్టరు సర్టిఫికెట్ మీద ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది. పనిరోజులు తగ్గించారన్నావు కదా, ఆ 78 నిండాయో లేదో ఇప్పుడే లెక్క చూసుకో. పనివల్ల వచ్చే ఉబ్బసం చట్టం గుర్తించిన వృత్తి వ్యాధుల జాబితాలోనే ఉంది.

డాక్టరు రాసిచ్చిన కాగితంతో సూపర్‌వైజర్ దగ్గరికెళ్లి, ఆవిరి తగలని ప్యాకింగ్‌కి మార్చమని అడుగు. మారాక తగ్గితే సంతోషం. కొందరికి ఒకసారి పడకపోవడం మొదలైతే కొంచెం గాలికే ఆయాసం వస్తుంది. అలా జరిగితే ఆ గేటు దాటి బయటకు రావాల్సిందే, ఏళ్ల తరబడి లాగితే మానేశాక కూడా ఉబ్బసం నిలిచిపోవచ్చు. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడే ఈ పనికి భరోసా తక్కువేనని నీకూ తెలిసింది. వేరే పని కోసం ఇప్పటి నుంచే నలుగురినీ అడిగి ఉంచు.

నలభై వేలు బాకీయే. వాయిదాల్లో తీర్చు, తీర్చినప్పుడల్లా రాయించుకో. కానీ బాకీ తీరేదాకా కదలకూడదనడం, నీ బదులు పిల్లని పంపమనడం వెట్టిచాకిరీ కిందికి వస్తుంది. దాన్ని నిషేధిస్తూ 1976లోనే చట్టం వచ్చింది. ఆర్డీవోకి, కలెక్టరుకి అర్జీ పెట్టవచ్చు. అర్జీ దాకా వెళ్లక ముందు ఆ చట్టం పేరు ఒకసారి మేస్త్రీ చెవిన వెయ్యి, గొంతు తగ్గుతుంది.

అమ్మాయిని పంపకు. పద్దెనిమిది నిండని పిల్లని రాత్రి షిఫ్ట్‌లో పెట్టుకోవడమే నేరం. పైగా ఈ పడకపోయే గుణం కుటుంబాల్లో నడుస్తుంది, నీ ఒంటికి పడనిది దానికీ పడకపోవచ్చు. ఈ మాట నువ్వు చెబితే మీ ఆయన సాకు అనుకుంటాడేమో. డిస్పెన్సరీకి వెళ్లే రోజు ఆయన్ని మేత పని మానిపించి వెంట తీసుకెళ్లు, డాక్టరు ముందు కూర్చోబెట్టు.