డబ్బాను త్రిప్పి చదవండి



మా నాయనమ్మ రబ్బరు తోటలో పుట్టి, తోటలోనే పెరిగినది. ఆమె తల్లి తెల్లవారకముందే పాలు గీయడానికి చెట్ల వరుసలలోకి వెళ్ళేది. ఇంటివద్ద ఉన్న పసివానికి డబ్బాలోని తియ్యని చిక్కటి పాలను నీళ్ళలో కలిపి పట్టేవారు. మంచి పాలని దుకాణదారు చెప్పగా నమ్మి కొన్నారు. డబ్బాపై ఏమి వ్రాసి ఉన్నదో చదవగలిగినవారు ఆ లైను ఇళ్ళలో ఒక్కరూ లేరు. ఆ పసివాడు, అనగా నాయనమ్మ తమ్ముడు, ఏడాది నిండకుండానే పోయాడు. కారణమేమో ఎవరూ రూఢిగా చెప్పలేదు. కాని నాయనమ్మ జీవితాంతం ఆ డబ్బానే తలచుకొనేది.

ఆ పాలలో నూరు గ్రాములకు సగానికి మించి చక్కెరే ఉంటుంది. సిసిలీ విలియమ్స్ అనే వైద్యురాలు 1939లో సింగపూరు రోటరీ సంఘంలో మాట్లాడుతూ, ఇటువంటి పాలను శిశువులకు ఆహారమని చెప్పి అమ్మడాన్ని తీవ్రంగా ఖండించారు. ఆ ఉపన్యాసానికి ఆమె పెట్టిన పేరులో పాలతోపాటు హత్య అన్న మాట కూడా ఉన్నది. మీ వంటింటిలో టీ కోసం వాడే డబ్బాను త్రిప్పి చూడండి. శిశువులకు తగదన్న హెచ్చరిక ఉన్నదేమో, ఉంటే ఎంత చిన్న అక్షరాలలో ఉన్నదో గమనించండి.

డబ్బా ముందుభాగం అమ్మేవారిది, వెనుకభాగం కొనేవారిది. వెనుక 'మక్లుమట్ పెమాకానన్' అని ఒక పట్టిక ఉంటుంది. అందులో సాధారణంగా రెండు వరుసల అంకెలు కనబడతాయి: ఒకటి నూరు గ్రాములకు లేదా నూరు మిల్లీలీటర్లకు, రెండవది ఒక వడ్డనకు. చాలామంది రెండవది మాత్రమే చూసి మోసపోతారు. వడ్డన ఎంత అన్నది నిర్ణయించినవారు తయారీదారులే కదా!

ఒక లెక్క చేద్దాం. 500 మిల్లీలీటర్ల పానీయం సీసా కొన్నారనుకోండి. నూరు మిల్లీలీటర్లకు 'గులా' 9 గ్రాములు అని ఉన్నది. వడ్డన 250 మిల్లీలీటర్లు కాబట్టి ఆ వరుసలో 22.5 గ్రాములు కనిపిస్తుంది. కాని ఎండలో ఆడి వచ్చిన మీరు సగం సీసా మిగులుస్తారా? మొత్తం త్రాగితే 45 గ్రాములు. చిన్న చెంచాకు 4 గ్రాముల చొప్పున పదకొండు చెంచాలకు పైమాటే. రోజుకు 2000 క్యాలరీలు తీసుకొనే పెద్దవారికే ఇటువంటి చక్కెర 50 గ్రాములు మించరాదని, 25 గ్రాములలోపు ఉంటే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మన ప్రభుత్వం కూడా 2019 జూలై 1 నుండి, నూరు మిల్లీలీటర్లకు 5 గ్రాములు మించి చక్కెర గల పానీయాలపై పన్ను వేసింది. ఆ 5 అన్న అంకెను గుర్తుంచుకుంటే దుకాణంలో మీకు పని తేలిక.

పదార్థాల జాబితాను బరువు ప్రకారం, ఎక్కువ నుండి తక్కువకు వ్రాస్తారు. పండ్లరసం అని పేరున్న పెట్టెలో మొదట నీరు, తరువాత చక్కెర, ఆ తరువాత ఎక్కడో పండు వస్తే అది ఏ రసమో మీరే చెప్పండి. గ్లూకోజ్ సిరప్, ఫ్రక్టోజ్, సుక్రోజ్ అన్నవి కూడా చక్కెర కుటుంబంలోనివే.

ఇక పెద్ద అక్షరాల ప్రకటనల సంగతి. మా నాన్నగారు తోటలో ఆయిల్ పామ్ గెలలు కోసిన మనిషి. కనుక ఈ నూనెపై నాకు అభిమానమే. అయినా సీసాపై 'కొలెస్ట్రాల్ లేదు' అని చూసినప్పుడు నవ్వు వస్తుంది. కొలెస్ట్రాల్ మాంసం, గుడ్లు, పాలు వంటి జంతు సంబంధమైన ఆహారంలో ఉండేది. ఏ మొక్క నూనెలోనూ లెక్కించదగినంత ఉండదు. ఆ మాట అబద్ధం కాదు, అయినా మనకు క్రొత్తగా తెలిసేదేమీ లేదు. వెనుక పట్టికలో సంతృప్త కొవ్వు దాదాపు సగమని ఉంటుంది. ముందుభాగం ఆ మాట ఎత్తదు.

'ఆరోగ్యకరమైన ఎంపిక' అన్న గుర్తుకూ హద్దు ఉన్నది. అదే రకం ఆహారాలలో ఇది కొంత మెరుగని దాని అర్థం. ఎంతైనా తినవచ్చని కాదు.

వచ్చే వారం తరగతికి ప్రతి ఒక్కరూ ఇంటిలో ఖాళీ అయిన ఒక పొట్లమో, డబ్బానో తీసుకురండి. మీ తాతయ్య, అమ్మమ్మలకు కళ్ళు ఆనకపోతే, వెనుక ఉన్నదంతా తెలుగులో చదివి వినిపించి రండి.